ఇంక్యుబేటర్‌లో మొదటిసారి 24 నాటు గుడ్లు పెట్టాను, 13 పిల్లలే ఎందుకు లేచాయి?

అందరికీ నమస్తే. వెనక నుంచి కిచకిచలు వినపడుతున్నాయి కదా, ఈ గదిలోనే అట్టపెట్టెలో 13 కోడిపిల్లలు ఉన్నాయి, ఇవాళ్టికి వాటికి 6 రోజులు. వాటిని వేరే గదిలో పెట్టి రికార్డ్ చేద్దామనుకున్నాను గానీ మనిషి అలికిడి లేకపోతే ఇంకా గోల చేస్తున్నాయి, అందుకని ఆ చప్పుడుతోనే వినండి.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ 24 గుడ్ల ఇంక్యుబేటర్‌ని కంపెనీ వాళ్లు నాకు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి మాకు చూపించండి అన్నారు, కుదరదన్నాను, సరేనన్నారు. కంపెనీ పేరు మాత్రం పలకను. దీని మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది, కానీ ఆ తప్పు ఏ చిన్న ఇంక్యుబేటర్‌లోనైనా ఉండొచ్చు, ఈ ఒక్క పేరు గుర్తుపెట్టుకుని ఇంకోటి కొన్నంత మాత్రాన మీకు ఒరిగేదేమీ ఉండదు. ఎన్ని వాట్లు, ఎంత బరువు, వారంటీ ఎన్నాళ్లు, ఇవన్నీ మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి అవి మళ్లీ చదవను.

మాది పల్నాడు, కోడిపందెంతోనే యుద్ధం మొదలైందని చెప్పుకునే నేల. చిన్నప్పటి నుంచి ఇంట్లో కోళ్లు చూస్తూ పెరిగాను. పొదుగుకొచ్చిన పెట్టని నాయనమ్మ గంపలో ఊక పోసి, మధ్యలో చేత్తో గుంట చేసి, 12 గుడ్ల మీద కూర్చోబెట్టేది. పక్కన ఒక ఇనుప ముక్క, రెండు బొగ్గులు పెట్టేది, ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా. 12 పెడితే 10, 11 పిల్లలు లేచేవి. ఇప్పుడు నేను టౌన్‌లో రెండో అంతస్తులో ఉంటున్నాను, పొదుగు కోడిని ఇక్కడ పెట్టుకునే వీలు లేదు. రెండేళ్ల కింద థర్మాకోల్ డబ్బాకి 40 వాట్ల బల్బు, చిన్న థర్మోస్టాట్ బోర్డు బిగించి ఒకటి తయారు చేసుకున్నాను గానీ ఖాళీగా నడిపి చూస్తే వేడి 35 నుంచి 40 మధ్య ఊగిపోతోంది, అందులో గుడ్లు పెట్టడానికి చేతులు రాలేదు. అందుకే నిజంగా గుడ్లు పెట్టడం ఇదే మొదటిసారి.

గుడ్లు నాయనమ్మ దగ్గరవే. వారం లోపు పెట్టిన గుడ్లు మాత్రమే, ఫ్రిజ్‌లో పెట్టనివి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తెచ్చిన వెంటనే మెషిన్‌లో పెట్టకుండా సన్నటి కొన కిందికి వచ్చేలా ట్రేలో ఒక రాత్రంతా కదలకుండా ఉంచాను, ప్రయాణంలో కుదుపులు తిన్నాయి కాబట్టి. ఇక్కడ ఒక మాట, షాపులో కొన్న ఫారం గుడ్లు పెడితే లేస్తాయా అని చాలామంది అడిగారు. లేవవు. ఆ ఫారాల్లో పుంజులే ఉండవు, అవి వట్టి గుడ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం. ఇదిగో మూత తిరగేసి చూపిస్తున్నాను. మధ్యలో ఫ్యాన్, దాని చుట్టూ హీటర్ తీగ. ఆ పక్కనే సన్నటి వైరు చివర వేలాడుతున్న ఈ నల్లటి ముక్క కనిపిస్తోందా, వేడీ తేమా రెండూ కొలిచేది ఇదే. ఇప్పుడు అడుగు చూడండి. నీళ్లు పోసే కాలువ ఎక్కడుంది? సరిగ్గా దాని కిందే ఉంది. అంటే హీటర్ పక్కన, నీళ్ల పైన పెట్టిన సెన్సార్ అది. ఈ మూల ఉన్న గుడ్డుకి ఎంత వేడి తగులుతోందో, ఎంత తేమ అందుతోందో దానికి తెలిసే దారే లేదు. ఫ్యాన్ గట్టిగా తిప్పితే గాలి అంతటా ఒకేలా ఉండేది, కానీ ఇందులో ఫ్యాన్ చాలా నీరసంగా తిరుగుతుంది.

వేడి సంగతి గుడ్లు పెట్టకముందే పట్టుకున్నాను. ఒక రోజంతా ఖాళీగా నడిపాను. రెండు పాత టానిక్ సీసాల నిండా నీళ్లు పోసి ఒకటి ఫ్యాన్ కింద, ఒకటి దూరంగా మూలలో పెట్టి, 5 గంటలు ఆగి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ముంచాను. జ్వరం థర్మామీటర్ ఎందుకంటే అది తయారైందే ఆ కాస్త తేడాలు పట్టుకోవడానికి. గుడ్డుకి కావాల్సింది 37.5 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లో 99.5, అంటే మనకి ఒళ్లు కాస్త వెచ్చబడినంత. ఫ్యాన్ కింది సీసాలో 99.5 వచ్చింది, డిస్‌ప్లేలో ఉన్నదే. మూలలో 98.2. అంటే 36.8. పైకి చూస్తే చిన్న తేడానే, కానీ 21 రోజులూ అదే వేడిలో ఉంటే ఆ మూల పిల్లలు ఆలస్యంగా, నీరసంగా వస్తాయి. కాబట్టి 37.8కి సెట్ చేసి, రోజూ మూలనున్న గుడ్లని మధ్యకి, మధ్యవాటిని మూలకి మార్చాను. ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో నంబరు వేసుకున్నాను.

వేడి ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందని తెలిసినప్పుడు తేమ కూడా అలాగే ఉంటుందని నాకు అప్పుడే తట్టి ఉండాలి. తట్టలేదు. డిస్‌ప్లేలో 52 శాతం కనిపించింది, మొదటి 18 రోజులకి కావాల్సింది 50, 55 మధ్యే, సరిపోయిందనుకున్నాను.

తిప్పే మోటారు బాగుంది, అది ఒప్పుకోవాలి. గుడ్డుని తిప్పకపోతే లోపలి పిండం పొరకి అతుక్కుపోతుంది, కోడి అయితే కాళ్లతో ముక్కుతో రోజంతా జరుపుతూనే ఉంటుంది. ఇందులో రెండు గంటలకోసారి రోలర్లు తిరుగుతాయి, చప్పుడు కూడా లేదు. కాకపోతే ఆ రోలర్ల మధ్య గుడ్డు కూర్చునే గాడులు ఫారం గుడ్డు సైజుకి చేసినవి. మన నాటు గుడ్డు సగటున 44 గ్రాములు తూగింది నాకు, అంత చిన్నవి అడ్డం తిరిగి ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. గాడుల్లో అట్టముక్కలు మడిచి పెట్టాక కుదురుకున్నాయి.

7వ రోజు రాత్రి లైట్లన్నీ ఆపి సెల్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చూశాను. మొదటి గుడ్డులో ఎర్రటి దారాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో నల్లటి చుక్క కదిలింది. కొంచెం ఆగి మళ్లీ కదిలింది. చూసినకొద్దీ చూడాలనిపించి గుడ్డు చల్లబడుతుందన్న భయంతో లోపల పెట్టేశాను. 24లో 5 తేటగా ఉన్నాయి, వట్టి గుడ్లు, ఇందులో మెషిన్ తప్పేమీ లేదు, పుంజు కలవలేదంతే. ఒకదాంట్లో రక్తం ఉంగరంలా కట్టింది, అంటే పిండం మొదలై ఆగిపోయింది. 18 మిగిలాయి.

12వ రోజు రాత్రి ఉరుములు, వాన, కరెంటు పోయింది. నాయనమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇనుప ముక్క పెట్టావా?" అని అడిగింది. తాళంచెవి తీసి మూత మీద పెట్టి, పెట్టానని చెప్పాను, ఆవిడ నిద్రపోవాలి కదా. రెండున్నర గంటలు కరెంటు లేదు. గాలి రంధ్రాలు మూసుకుపోకుండా దుప్పటి చుట్టాను, మూత మాత్రం ఒక్కసారి కూడా తీయలేదు. కరెంటు వచ్చేసరికి డిస్‌ప్లేలో 31 ఉంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, కానీ 14వ రోజు టార్చ్ పెట్టి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ కదులుతున్నాయి. కోడి కూడా మేతకి రోజూ గూడు దిగి వెళ్లి వస్తుంది కదా, కాసేపు చల్లబడితే గుడ్డు తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఎక్కువ వేడిని. అందుకే మే నెలలో ఈ పని పెట్టుకోకండి. ఈ మెషిన్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు, రెంటచింతల ఎండల్లో గదే 42 ఉంటే లోపల 37.5 ఎక్కడి నుంచి వస్తుంది? నేను వినాయక చవితి అయ్యాక మొదలుపెట్టాను.

18వ రోజు తూకం వేశాను. పొదిగే రోజుల్లో గుడ్డులోని నీరు కొంచెం కొంచెం ఆవిరై బరువు తగ్గాలి, నూటికి 12 వంతులు అటూ ఇటూగా. దాంతోనే లావు కొన వైపు గాలి గది పెద్దదవుతుంది, పిల్ల మొదటి ఊపిరి అక్కడే తీస్తుంది. 44 గ్రాముల గుడ్డు 38.7కి రావాలి. నాకు సగటున 37 వచ్చింది. నూటికి దాదాపు 16 వంతులు పోయింది. డిస్‌ప్లే 52 చూపిస్తుంటే ఇంత ఎలా ఆవిరైంది? కంపెనీ వాళ్లకి మెసేజ్ పెట్టాను. డిస్‌ప్లే సరిగ్గానే ఉంటుంది మేడమ్, తూకం మిషన్ చూసుకోండి అన్నారు. నేనూ నమ్మాను. రోలర్లు తీసేసి, నీళ్లు ఎక్కువ పోసి, తేమ 68 కనిపించాక చివరి మూడు రోజులకి మూత వేసేశాను.

20వ రోజు సాయంత్రం వీడియో కాల్‌లో నాయనమ్మ, "చెవి పెట్టి విను" అంది. మూత మీద చెవి పెట్టాను. పెంకుకి ఎక్కడా గీత కూడా లేదు, లోపల్నుంచి సన్నగా కిచ్ మంటోంది. ఆ రాత్రి 11 దాటాక 9వ నంబరు గుడ్డు మీద చుక్కంత చోట పెంకు పైకి లేచింది, నక్షత్రంలా చిట్లింది. తర్వాత గంటల తరబడి ఏమీ లేదు. ఏదో అయిపోయిందని కంగారు పడి గిల్లకండి, పిల్ల ఆ సమయంలో లోపలి పొర రక్తనాళాల్లోని రక్తాన్ని, పచ్చసొనని ఒంట్లోకి తీసుకుంటుంది. తెల్లారి ముక్కు కొసన ఉన్న తెల్లటి పొక్కుతో పెంకుని చుట్టూరా కోసుకుంటూ వచ్చి, ఒక్క తన్ను తన్ని టోపీ తీసినట్టు తీసి బయటపడింది. తడిసిన పీచుముక్కలా ఉంది. ఆ మెడ మీద తల నిలబడటం లేదు, అయినా పక్క గుడ్డు మీదికి ఎక్కడానికి చూస్తోంది. పారదర్శకంగా ఉన్న మూతకి నేను పది మార్కులు వేస్తాను, ఇదంతా తెరవకుండా చూడగలిగింది దానివల్లే.

22వ రోజు మధ్యాహ్నానికి 13 లేచాయి. ఇంకో మూడు పొడిచి ఆగిపోయాయి, ఒకటి పొడవనే లేదు. 23వ రోజు దాకా చూసి, చప్పుడు లేదని తేలాక తెరిచాను. పొడవనిది కొన్ని రోజుల ముందే ఆగిపోయింది. మిగతా మూడూ నిండుగా ఎదిగిన పిల్లలే, ఈకలతో, గోళ్లతో. పెంకు లోపలి పొర ఎండి కాగితంలా ఒంటికి అతుక్కుపోయి ఉంది. తిరగడానికి వీల్లేక చచ్చిపోయాయి. ఆ మూడూ ఎక్కడివో తెలుసా, ఆ దూరం మూలవి. చివరి మూడు రోజులు గుడ్లని కదపకూడదు కాబట్టి చోటు మార్చలేదు.

అప్పుడు చిన్న తేమ మీటర్ ఒకటి కొన్నాను. ముందు దాన్నే పరీక్షించాను. సీసా మూతలో చెంచా ఉప్పు, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు, దాన్నీ మీటర్‌నీ కలిపి గాలి పోని డబ్బాలో రాత్రంతా ఉంచితే 75 చూపించాలి, నాది 74 చూపించింది. తర్వాత మెషిన్‌లో నీళ్లు అంతే పోసి, మీటర్‌ని ఆ మూల పెట్టాను. డిస్‌ప్లే 68. మీటర్ 57. మీటర్‌ని సెన్సార్ పక్కకి జరిపితే 68. డిస్‌ప్లే అబద్ధం చెప్పలేదు, నీళ్ల మీద ఉన్న గాలి సంగతి చెప్పింది. గుడ్లు ఉన్నచోటి సంగతి చెప్పలేదు.

నాకు కోపం ఇక్కడే. సెన్సార్ వైరు నాలుగు వేళ్లు పొడుగ్గా ఇచ్చి గుడ్ల మధ్యకి వచ్చేలా పెడితే చాలు, దానికి ఖర్చెంత? మోటారు బాగుంది, మూత బాగుంది, బయట నుంచి నీళ్లు పోసుకునే గొట్టం కూడా బాగుంది, అయినా నిండు ప్రాణంతో ఉన్న మూడు పిల్లలు పెంకులో ఎండిపోయాయి. కాబట్టి డబ్బులు పెట్టి దీన్ని కొనమని నేను చెప్పను. ఇప్పటికే మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే జ్వరం థర్మామీటర్‌తో, విడి మీటర్‌తో నాలుగు మూలలా చూసుకున్నాకే గుడ్లు పెట్టండి. నేను నిన్న మళ్లీ 20 పెట్టాను, ఈసారి ఆ మూల ఒక గిన్నెలో తడి స్పాంజి ఉంచాను, మీటర్ 51 చూపిస్తోంది. 18వ రోజు తూకం కెమెరా ముందే వేస్తాను.

పిల్లల పెట్టె మీద 60 వాట్ల బల్బు వేలాడదీశాను, మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గిస్తాను. డిగ్రీల కన్నా పిల్లల్నే చూడండి, ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉంటే చలి, బల్బుకి దూరంగా గోడలకి అతుక్కుంటే వేడి. కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు రేపు వేయిస్తున్నాను, 7 రోజుల లోపు వేయించాలి.

నాయనమ్మ ఫోన్ వస్తోంది. పొద్దున మెడ మీద నల్లమచ్చ ఉన్న పిల్ల మేత సరిగ్గా తినలేదని చెప్పాను, ఇప్పుడు తింటోందో లేదో అడగడానికే అయ్యుంటుంది. తింటోంది, ఇదిగో, నూకలన్నీ చిమ్మేసింది. ఉంటాను.