రెండు సెన్సర్లు, ఒకే వరద

అందరికీ నమస్కారం.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును మీలో చాలామంది చూసే ఉంటారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. వరద నీటిని కనిపెట్టే సెన్సర్లు ఎక్కడ పెట్టాలన్న మాట వస్తే నాకు మొదట ఆ చెట్టే గుర్తొస్తుంది.

నాలా మీది వంతెనకు అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగిస్తాం. అది కిందికి శబ్ద తరంగం పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చెబుతుంది. అది పనిచేసే అవకాశం 90 శాతం అనుకుందాం. అదే చోటును రెండు చూస్తుంటే, రెండూ కలిసి మూగబోయే అవకాశం 1 శాతమే. మూడైతే వెయ్యిలో ఒకటి. చదువుకునే రోజుల్లో ఈ లెక్క నాకెంతో నచ్చింది. కానీ ఒకటి పాడవడానికీ రెండోది పాడవడానికీ సంబంధం లేనప్పుడే అది నిజం. ఒకే వంతెనకు, ఒకే ఎత్తులో రెండూ బిగిస్తే వరద రెండింటినీ ఒకేసారి ముంచుతుంది. ఖర్చు రెండింటిది, భరోసా ఒక్కదానిది. అందుకే రెండోది అవతలి గట్టున, ఇంకాస్త ఎత్తులో, వేరే బ్యాటరీతో ఉండాలి. వీలైతే రకం కూడా వేరేది కావాలి.

చూడటం ఒక ఎత్తు, చూసింది చేరవేయటం ఇంకో ఎత్తు. రేడియో అందే దూరం సెన్సర్ చూసే దూరానికి కనీసం రెండింతలుంటే, ప్రాంతమంతా కవరైన నెట్‌వర్క్ తెగకుండా కలిసే ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. అది అడ్డులేని మైదానపు మాట. మన నాలాలు గోడల మధ్య సన్నగా సాగుతాయి, నోడ్లు, అంటే సెన్సర్, రేడియో, బ్యాటరీ ఉన్న పెట్టెలు, గొలుసులా ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి. నడుమ ఒక్కటి పోతే అవతలివన్నీ మూగవే. ప్రతి నోడ్ నుంచి గేట్‌వేకు, అంటే కబుర్లన్నీ చేరి బయటికి వెళ్లే పెట్టెకు, మధ్యలో ఎక్కడా కలవని రెండు దారులైనా వేయాలి. గేట్‌వే పక్కనున్నవి అందరి కబుర్లూ మోస్తాయి కాబట్టి వాటి బ్యాటరీలే ముందు అయిపోతాయి, అక్కడ నోడ్లు ఎక్కువ పెట్టాలి.

ఓసారి మా విద్యార్థులతో కలిసి ఎండాకాలంలో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కొలిచి చోట్లు ఖాయం చేశాం. వానలు పడ్డాక చెట్లు గుబురెక్కాయి, తడి ఆకులు సిగ్నల్‌ను తినేశాయి. తర్వాత లైసెన్సు అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ బ్యాండుకు మారాం. ఈసారి కొలతలు జులై వానలోనే తీశాం.

ఉన్న డబ్బుకు అన్నిటికన్నా మంచి చోట్లు ఏవో పూర్తిగా వెతకటం కంప్యూటర్‌కూ భారమే. ప్రతిసారీ కొత్తగా ఎక్కువ మేర చూపే చోటును ఎంచుకుంటూ పోయినా, కవరేజీలో ఉత్తమ ఫలితంలో 63 శాతానికి తగ్గదని రుజువుంది. నాకది చాలు. అయితే ఏ చోట్లు కలిసి మునుగుతాయో ప్రోగ్రాముకు మనమే చెప్పాలి.

అది బస్తీలో అడిగితే తెలుస్తుంది. 2020 అక్టోబర్‌లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అక్కడివాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గోడ మీద సున్నంతో గీత గీసుకోండి, బోల్టులు గీతకు పైనే పడాలి.