విశాఖ రేవులో సెంచూరియన్

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒక పాత బ్రిటిష్ యుద్ధనౌక సంగతి చెబుతాను. పేరు సెంచూరియన్. అదే పేరుతో అంతకుముందూ ఓడలున్నాయి. 1743లో స్పెయిన్ వారి మనీలా నిధి నౌకను పట్టుకున్న బ్రిటిష్ నావికాధికారి ఆన్సన్ ఓడ వేరు, ఇది వేరు. మనది 1774లో ఇంగ్లండులోని హార్విచ్‌లో నీళ్లలోకి దిగింది. రెండు అంతస్తులు, 50 ఫిరంగులు. ఈ తరగతి ఓడలు ఎటూ చాలనివి. మహా నౌకలతో వరుస కట్టి పోరాడే బలం లేదు, ఫ్రిగేట్లనే చిన్న, వేగమైన యుద్ధనౌకలతో పరుగు పందానికి దిగే చురుకూ లేదు. కాబట్టి దూరదేశాలకు పంపేవారు. అక్కడ ఆ మాత్రం ఓడే పెద్ద ఓడ.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1778 డిసెంబరులో, వెస్టిండీస్‌లోని సెయింట్ లూసియా దగ్గర ఫ్రెంచివారిని నిలువరించిన నౌకల్లో ఇదొకటి. 1794 అక్టోబరులో మారిషస్ దగ్గర ఫ్రెంచి నౌకలతో పోరులో దెబ్బలు తింది. తోడు వచ్చిన డయోమీడ్ ఓడ సరిగా సాయపడలేదన్న ఆరోపణతో దాని కెప్టెన్‌ను సైనిక న్యాయస్థానంలో నిలబెట్టారు. 1796లో డచ్చివారి సుగంధ ద్వీపాలను ఆక్రమించిన దండులోనూ సెంచూరియన్ ఉంది. మిగతా కాలమంతా ఎక్కువగా కాపలా, రవాణా, మరమ్మతు.

ఇక 1804 సెప్టెంబరు 15. విశాఖపట్నం. అప్పటికి ఇక్కడ హార్బర్ లేదు. ఇన్నర్ హార్బర్ తెరుచుకున్నది 1933లో. పెద్ద ఓడలు తీరానికి దూరంగా, బాహాటపు సముద్రంలో లంగరు వేసేవి. మనుషులైనా సరుకైనా పడవల మీద అలలు దాటాల్సిందే. ఆ రోజు సెంచూరియన్ రెండు వర్తక నౌకలకు, బార్నబీకి, ప్రిన్సెస్ షార్లెట్‌కు, కాపలాగా నిలిచి ఉంది. అసలు కెప్టెన్ రైనియర్ జబ్బుపడి ఓడలో లేడు. ఆయన స్థానంలో ఉన్న జేమ్స్ లిండ్ ఆ ఉదయం పని మీద ఒడ్డున ఉన్నాడు. ఓడ లెఫ్టినెంట్ ఫిలిప్స్ చేతిలో ఉంది.

దిగంతంలో మూడు నౌకలు కనిపించాయి. అడ్మిరల్ లినువా నడుపుతున్న ఫ్రెంచి దళం అది. 74 ఫిరంగుల మారెంగో, తోడుగా అటలాంట్, సెమిలాంట్ ఫ్రిగేట్లు. ఒక్క మారెంగోయే సెంచూరియన్‌ను ముంచడానికి చాలు. ఫిలిప్స్ పారిపోలేదు, జెండా దించలేదు. ఒడ్డున ఉన్న ఫిరంగులు కూడా తోడుగా పేలాయి. లిండ్ పోరు మధ్యలోనే పడవెక్కి ఓడను చేరుకున్నాడు. గుండ్లకు లంగరు మోకు తెగింది, తెరచాపలూ తాళ్లూ చిరిగిపోయాయి, ఓడ కొట్టుకుపోయి మరోచోట లంగరు వేసుకుంది. మధ్యాహ్నానికి లినువా వెనుదిరిగాడు. సెంచూరియన్‌లో చనిపోయినది ఒక్కరే.

బ్రిటిష్ వారు దీన్ని ఘనవిజయంగా చెప్పుకున్నారు. లిండ్‌కు సర్ బిరుదు దక్కింది. నాకు మాత్రం ఇక్కడే పేచీ. కాపలా ఓడ పని ఏమిటి? వర్తక నౌకలను కాపాడటం. బార్నబీ లంగరు వదిలేసుకుని అలల్లో పడి ఒడ్డున పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ లొంగిపోయింది, ఫ్రెంచివారు దాన్ని తోలుకుపోయారు. రెండూ పోయాయి, కాపలాదారు మిగిలాడు. ఫిలిప్స్ ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అంత బలం ముందు ఎవరూ అంతకుమించి చేయలేరు. దాన్ని విజయం అనడమే ఒప్పుకోలేను.

లినువా మీద నెపోలియన్ మండిపడ్డాడు. అందుకు కారణం ఉంది. అదే ఏడు ఫిబ్రవరిలో మలయా తీరంలోని పులో అవుర్ దీవి దగ్గర, చైనా నుంచి వస్తున్న ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకలు యుద్ధనౌకల్లా నటిస్తే ఈయన బెదిరి తప్పుకున్నాడు. కానీ విశాఖ విషయంలో నేను లినువా పక్షం. మారెంగో తెరచాప స్తంభమో ఓడ అడుగుభాగమో దెబ్బతింటే బాగుచేసుకోవడానికి హిందూ మహాసముద్రంలో ఆయనకున్న చోటు మారిషస్ ఒక్కటే, అక్కడా కలపకు, సామగ్రికి కటకట. చితికిపోయిన 50 ఫిరంగుల ఓడ కోసం ఆ నౌకను పణంగా పెట్టడం తెలివైన పని కాదు.

సెంచూరియన్ చివరికి నోవా స్కోషియాలోని హాలిఫాక్స్‌లో ఆసుపత్రి ఓడగా మిగిలింది. 1824లో కట్టిన చోటే మునిగిపోతే, పైకి లేపి 1825లో విరగ్గొట్టారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. లినువాను వెనకేసుకొచ్చినందుకు వాదించదలచినవారు ముందుగా రావచ్చు.