బుధవారం, అంగన్‌వాడీలో సూదుల రోజు: అనంతపురం వ్లాగ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? మేము అనంతపురం వచ్చేశాం. డాలస్‌లో ఎక్కి, బెంగళూరులో దిగి, ఎయిర్‌పోర్టు నుంచి అటే హైవే 44 పట్టుకుంటే పెనుకొండ, కియా ఫ్యాక్టరీ దాటి మా ఊరు. బెంగళూరు ట్రాఫిక్‌లో పడకుండా ఇంటికి చేరే అదృష్టం మా జిల్లావాళ్లది. ఉగ్గాని, బజ్జీల వీడియో ఎప్పుడని అడుగుతున్నారు. వస్తుంది, కంగారు పడకండి. ఈ వీడియో మాత్రం పిల్లల సూదుల గురించి. ఇలాంటివి పెడితే వ్యూస్ రావని మా ఆయన ముందే చెప్పారు. రాకపోతే రాకపోనీ.

అసలు చర్చంతా మా బుడ్డోడితో మొదలైంది. వాడికి ఎనిమిదో నెల. అమెరికాలో తట్టు (మీజిల్స్) టీకా, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్, మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య, రెండోది 4 నుంచి 6 ఏళ్ల మధ్య వేస్తారు. అయితే ఆరు నెలలు నిండి ఏడాది నిండని పిల్లల్ని వేరే దేశం తీసుకెళ్తుంటే, ముందే ఒక డోసు వేయించమంటారు అక్కడి డాక్టర్లు. ఇది లెక్కలోకి రాదు. మొదటి పుట్టినరోజు దాటాక మళ్లీ రెండూ వేయించాల్సిందే. తల్లి నుంచి వచ్చిన రక్షణ పసిపిల్లల ఒంట్లో కొన్ని నెలలు ఉంటుంది, అది టీకాను పూర్తిగా పనిచేయనివ్వదు. అందుకని దీన్ని ప్రయాణం వరకు కాపాడే డోసుగానే చూస్తారు. బయల్దేరడానికి రెండు వారాల ముందు వేయించాం.

ఇంటికొచ్చాక ఈ మాట మా అత్తమ్మ చెవిన పడింది. "ఎనిమిదో నెలలోనే సూదా? ఈడ తొమ్మిది నిండినాకే కదమ్మా యేసేది!" అన్నారు. ఆవిడ మాట నిజమే, ఇక్కడ ప్రభుత్వం వేసే మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే. మామ మాత్రం ఇంకోలా తీసుకున్నారు. చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టి, "అంటే మా ఊరికి రావాలంటే సూది యేసుకోని రావల్లనా? ఈడ అంత రోగాలుండాయా?" అని అడిగారు. "లేదు మామా, ఈసారి రోగం మా టెక్సాస్‌లోనే వచ్చింది" అంటే, నేనేదో సర్దిచెబుతున్నాను అనుకున్నారు.

నిజంగానే వచ్చింది. 2025 జనవరిలో టెక్సాస్ పడమటి కొసన గెయిన్స్ కౌంటీలో మొదలైంది. ఆగస్టు 18న ఇక అయిపోయిందని ప్రకటించేసరికి ఒక్క టెక్సాస్‌లోనే 762 కేసులు. ఇద్దరు బడి వయసు పిల్లలు చనిపోయారు. ఇద్దరికీ టీకా లేదు, వేరే జబ్బులూ లేవు. దేశమంతా కలిపి ఆ ఏడాది 2,000 దాటాయి. తట్టును దేశం నుంచి తరిమేశామని 2000లోనే అమెరికా ప్రకటించుకుంది మరి! పక్కనున్న కెనడా అయితే 2025 నవంబరులో ఆ హోదానే పోగొట్టుకుంది.

గెయిన్స్ కౌంటీ మాకు కారులో అయిదారు గంటల దూరం. దూరమే కదా అనుకోవడానికి లేదు. తట్టు వచ్చినవాళ్లు ఒక గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉంటుంది. రక్షణ లేని పదిమంది దగ్గరికి అది వస్తే తొమ్మిది మందికి అంటుకుంటుంది. పైగా ఒంటిమీద దద్దుర్లు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటించడం మొదలుపెడతారు. అప్పటికి అది మామూలు జలుబు, దగ్గులాగే ఉంటుంది, ఎవరూ ఇంట్లో ఆపరు కదా. అందుకే నూటికి 95 మందికి టీకా ఉంటే తప్ప అది ఆగదంటారు. ఆ కౌంటీలో కిండర్‌గార్టెన్ పిల్లల్లో నూటికి 18 మంది దాకా ఈ టీకా పూర్తిగా పడనివాళ్లే.

మామకు ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "అంత చదువుకున్నోళ్లు, దుడ్డుండే దేశం, ఎందుకు యేపించుకోరు?"

టెక్సాస్ చట్టం ప్రకారం మా మనస్సాక్షి ఒప్పుకోదు అని కాగితం ఇస్తే బడిలో చేర్చుకుంటారు. అది వాళ్ల సంగతి. నేను మామకు చెప్పింది మాత్రం మన తెలుగు అమ్మల వాట్సాప్ గ్రూపు సంగతి. అక్కడ కూడా రెండు మూడు నెలలకోసారి ఎవరో ఒకరు ఆ పాత ఫార్వర్డే పెడతారు, ఎంఎంఆర్ వల్ల ఆటిజం వస్తుందని. 1998లో లండన్‌లో ఒక డాక్టర్ పన్నెండు మంది పిల్లల మీద రాసిన వ్యాసం అది. 2010లో ఆ పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన్ని డాక్టర్ల జాబితాలోంచే తీసేశారు. ఆ తర్వాత డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల రికార్డులు చూశారు, 2019లో ఫలితం వచ్చింది, ఏ సంబంధమూ లేదు. ఇదంతా నేను గ్రూపులో పెట్టాను. రెండు థంబ్స్ అప్‌లు వచ్చాయి. తర్వాత ఎవరో దోసెల పిండి గ్రైండర్ అమ్ముతామని పెట్టారు, అంతే, చర్చ అయిపోయింది.

కానీ ఆ ఫార్వర్డ్ పెట్టిన అమ్మాయి గురించి ఒక మాట. వాళ్ల బాబుకు మాటలు ఆలస్యంగా వస్తున్నాయి. ఎంఎంఆర్ వేసే వయసు, పిల్లాడు మాట్లాడటం లేదేమిటని తల్లికి మొదటిసారి టెన్షన్ పట్టుకునే వయసు దాదాపు ఒకటే. అర్ధరాత్రి ఫోన్‌లో వెతుకుతుంది, ఒకదాని పక్కన ఇంకొకటి కనిపిస్తుంది. అక్కడ ఆమె పక్కన కూర్చుని అది కాదమ్మా అని చెప్పే మనిషి లేరు. క్లినిక్‌లో అయితే రెండు పేజీల ప్రింట్ చేతిలో పెడతారు. మా కారు సీటు కింద అవి ఒక కట్ట ఉన్నాయి.

సరే, బుధవారం దగ్గరికి వద్దాం. సింగనమల వైపు మా పుట్టింటి ఊరికి వెళ్లాం. మన దగ్గర బుధ, శనివారాలు టీకాల రోజులు కదా. మా చిన్నాయన కూతురు సంక్రాంతికని బెంగళూరు నుంచి వచ్చింది. దాని కొడుక్కి ఏడాదిన్నర. పదహారో నెల నుంచి ఇరవై నాలుగో నెల లోపు వేయాల్సిన రెండో డోసు ఇంకా పడలేదు. "అక్కా, నువ్వూ రా, తోడుగా ఉంటావు" అంది. కెమెరా తెస్తానంటే ఏఎన్‌ఎం, అంటే ఊళ్లో సూదులు వేసే నర్సమ్మ, ఒప్పుకున్నారు, పిల్లల మొహాలు వద్దన్నారు. అందుకే ఈ క్లిప్ అంతా మీకు చేతులు, చెప్పులు, గచ్చు మాత్రమే కనిపిస్తాయి.

ఇదిగో ఈ నీలం డబ్బా చూడండి. లోపల నాలుగు వైపులా ఐస్ ప్యాకులు, మధ్యలో మందు సీసాలు, పైన స్పాంజి. తట్టు, రుబెల్లా టీకా పొడిగా వస్తుంది, వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో. కలిపే నీళ్లు వేరే గాజు ఆంప్యూల్‌లో. అవీ చల్లగానే ఉండాలట. ఆవిడ ఆంప్యూల్ మెడ టక్కున విరిచి, నీళ్లు లాగి, పొడిలో కలిపి, సీసా మీద పెన్నుతో 10.40 అని రాశారు. ఇక నాలుగు గంటలే దాని ఆయుష్షు. మిగిలినా పారేయాల్సిందే. "ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పుతానమ్మా, మందు పోతే పోయింది" అన్నారు. సీసాను స్పాంజికున్న బొక్కలో గుచ్చి పెట్టారు. సూది కుడిచేయి పైభాగంలో, చర్మం కిందికే, అర మిల్లీలీటరు. ఒకసారి నొక్కాక ఆ సిరంజీ మళ్లీ వెనక్కి రాదు, లాక్ అయిపోతుంది. తర్వాత సూదిని ఒక చిన్న మెషీన్‌లో పెట్టి కత్తిరించేశారు.

చెల్లెలి కొడుకు కెవ్వుమన్నాడు, చెప్పక్కర్లేదు. తొడకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, నోట్లో పోలియో చుక్కలు, చివర్లో పసుపుపచ్చ విటమిన్ ఏ సిరప్, కొలిచి ఒక చెంచా. ఆ చెంచా చూసినప్పుడు నాకు టెక్సాస్‌లోని లబ్బక్ ఊరు గుర్తొచ్చింది. టెక్సాస్‌లో తట్టు మొదలయ్యాక కొందరు తల్లిదండ్రులు టీకా బదులు విటమిన్ ఏ పనిచేస్తుందని విని ఇంట్లోనే పిల్లలకు ఇష్టమొచ్చినట్టు పట్టించారు. అక్కడి ఆసుపత్రిలో చేరిన కొందరు పిల్లల్లో లివర్ దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. ఇక్కడేమో టీకాతో పాటు కొలత ప్రకారం, కార్డులో రాసి మరీ ఇస్తున్నారు.

తర్వాత అరగంట కూర్చోమన్నారు. ఈ అరగంటే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఏఎన్‌ఎం అందరికీ వినబడేలా చెప్పారు: "తొడకేసినది ఈ రాత్రికే జరం తెస్తాది, కాలు నొప్పి ఉంటాది. చేతికేసినది ఇప్పుడేం చెయ్యదు. వారం పది దినాలకు కొందరికి జరం వస్తాది, సన్నగా దద్దుర్లు వస్తాయి, వాటంతట అవే పోతాయి. అప్పుడు నర్సమ్మ సూదేసి తట్టు తెప్పించిందని నా మీదికి రావద్దు!" అందరూ నవ్వారు.

ఒకామె ఆడబిడ్డ పెళ్లి ఉంది, జ్వరమొస్తే పిల్లాడు చంక దిగడు, పెళ్లయ్యాక వేయించుకుంటా అంది. ఇంకొకామెకు వేరే భయం. పక్కింట్లో అమ్మవారు పోసింది, ఈ సమయంలో సూది గుచ్చితే అమ్మవారికి కోపమొస్తుందని అత్త వద్దందట. నేనైతే ఆ నిమిషంలో గూగుల్ తీసేదాన్ని. ఏఎన్‌ఎం చేసింది చూడండి. "అమ్మవారికి చేసేది చెయ్యండి. వేపాకు కట్టుకోండి, తాలింపు మానుకోండి, నేనొద్దంటానా? సూది మాత్రం ఈ వారం తప్పించొద్దు. మీ ఆయనకు చిన్నప్పుడు సూదేసింది నేనే, మీ అత్తనడుగు." ఆమె ఇంకేం మాట్లాడలేదు, పాప చొక్కా చేయి పైకి జరిపి పట్టుకుంది. పెళ్లి ఆమె మాత్రం లేచి వెళ్లిపోయింది. శనివారం వాళ్లింటికే వెళ్తానన్నారు ఏఎన్‌ఎం, పెళ్లి పనుల్లో వంకాయలు తరగడానికైనా పిలుస్తారులే అంటూ.

ఆ అరగంటలోనే మా చెల్లెలు ఇంకో సంగతి చెప్పింది. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల దాకా పిల్లలందరికీ ఈ టీకా వేసిన పెద్ద కార్యక్రమం జరిగింది, గుర్తుందా? అప్పుడిది హైస్కూల్లో ఉంది. ఆ సూది వేయించుకుంటే పెద్దయ్యాక పిల్లలు పుట్టరని వాట్సాప్‌లో ఎవరో పుకారు లేపారట. ఆ రోజు బడికి సగం మంది రాలేదట. "మా అమ్మ కూడా వద్దంది అక్కా, నేనే ఇడ్లీ పెడతారని పోయినా" అని, ఒళ్లో ముక్కు చీదుతున్నవాణ్ణి చూపించి ఒకటే నవ్వు.

మా అవ్వ ఇవేవీ వినదు. ఆమెకు మా నాయన కంటే ముందు ఒక కొడుకు. ఒళ్లంతా తట్టు లేచింది, అది తగ్గుముఖం పట్టినట్టే పట్టి దగ్గు పట్టుకుంది, ఆపై ఎగశ్వాస. మూడేళ్లవాడు. తట్టులో ప్రాణం తీసేది ఎక్కువగా ఆ న్యుమోనియానే అని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి పల్లెలకు ఈ టీకా రాలేదు. 1985లో దేశవ్యాప్త టీకాల కార్యక్రమం మొదలయ్యాకే మెల్లగా వచ్చింది. టీకా రాకముందు ప్రపంచంలో ఏటా 26 లక్షల మంది దాకా తట్టుతో పోయేవాళ్లట. అవ్వకు ఆ లెక్కలు తెలియవు. నర్సమ్మ ఊళ్లోకి వచ్చిందంటే మమ్మల్నందర్నీ జుట్టు పట్టుకుని లాక్కెళ్లేది, అంతే.

వచ్చేముందు ఏఎన్‌ఎం దగ్గరున్న రిజిస్టర్ చూశాను, పేర్లు కనబడకుండా ఒక్క కాలమ్ మాత్రం చూపిస్తాను. రెండో డోసు పడని పిల్లల పక్కన కారణం రాసి ఉంది. బెంగళూరు. బెంగళూరు. పుట్టిల్లు. బెంగళూరు. కంది కోత. వద్దన్నారు అని ఆ పేజీలో ఎక్కడా లేదు. నాకు చిర్రెత్తింది ఇక్కడే. మా మరిది, అంటే ఈ చెల్లెలి భర్త, బెంగళూరులో సెంట్రింగ్ పనిచేసే అపార్టుమెంటు పక్కనే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది. ఈ టీకాల కార్డు చూపిస్తే దేశంలో ఎక్కడైనా ఉచితంగా వేస్తారు. ఆ మాట వీళ్లకు చెప్పినవాళ్లు లేరు. మేస్త్రీ చెప్పడు, కన్నడం రాదని చెల్లెలు అడగదు. బెంగళూరులో పనిచేసుకునే మనవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, ఇల్లు మారినప్పుడు ఆధార్ కార్డుతో పాటు పిల్లల కార్డు కూడా పెట్టుకోండి, ప్లీజ్.

చివరగా అమెరికా వచ్చేవాళ్లకు ఒక విషయం. మా తమ్ముడి భార్య జూన్‌లో ఆస్టిన్ వస్తోంది, పాపకు మూడేళ్లు. "వదినా, అన్ని సూదులూ అయిపోయినాయి" అంది. అయ్యాయి, కానీ ఇక్కడ ప్రభుత్వం వేసేది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా మాత్రమే. గవదబిళ్లల టీకా అందులో ఉండదు. టెక్సాస్ బడికి ఎంఎంఆర్ రెండు డోసులు కావాలి, మొదటిది మొదటి పుట్టినరోజు తర్వాతదై ఉండాలి. తొమ్మిదో నెలలో వేసింది అక్కడ లెక్క కాదు. అందుకని అసలు కార్డు, తేదీలు స్పష్టంగా కనిపించే ఫోటో రెండూ తెచ్చుకోండి. ఎంఎంఆర్ ఇక్కడ ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గరైనా దొరుకుతుంది.

మరదలు కార్డు తెచ్చి చూపించింది. పోకుండా ఉంటుందని మా తమ్ముడు దాన్ని లామినేషన్ చేయించాడు, ముందూ వెనకా. అయిదేళ్లకు వేయాల్సిన డీపీటీ గడి ఖాళీగా, ప్లాస్టిక్ కింద తళతళలాడుతోంది. ఏఎన్‌ఎం దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు నేను యాడ రాయల్లమ్మా?" అన్నారు. బ్లేడుతో ఒక మూల కోసి చూశారు, కాగితం కూడా లేచొస్తోంది. కొత్త కార్డు రాసిస్తా, శనివారం పాత రికార్డు తెస్తా అన్నారు. మా తమ్ముడికి ఫోన్ కలిపితే ఎత్తడం లేదు.

ఉగ్గాని వీడియో ఆదివారం. బై.