గొర్రెకు చెక్క పెడితే పొట్టలో ఏం జరుగుతుంది?

[తెర మీద: తెల్ల కాగితంపై నలిపిన చెక్క. దులిపేస్తే కింద జిడ్డు మరక.]

ఈ మరక చూశారా? చెక్క, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి, పెడితే గొర్రెకు బలమే, కాదనను. ఎంత పెట్టాలో మాత్రం ఈ మరకను అడగాలి.

గడ్డి తినేది గొర్రే గానీ అరిగించేది గొర్రె కాదు. రూమెన్ అనే పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. వాటికి నత్రజని కావాలి, అది మేతలోని మాంసకృత్తుల నుంచి అందుతుంది. ఎండిన వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 5 శాతమే. మేత మొత్తం మీద 7 శాతమైనా లేకపోతే ఆ సూక్ష్మజీవులు డీలా పడతాయి. గడ్డి పొట్టలోనే నిలిచిపోతుంది, గొర్రె మేత మీద మూతి పెట్టదు. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు దాదాపు 45 శాతం. అందుకే గుప్పెడు పడగానే గడ్డి కూడా బాగా అరుగుతుంది.

[యానిమేషన్: గడ్డిపోచ చుట్టూ నూనె పొర.]

ఇక నూనె సంగతి. సాల్వెంట్‌తో, అంటే నూనెను కరిగించే ద్రావకంతో, నూనె తీసిన చెక్కలో మిగిలేది 1, 2 శాతం. గానుగ చెక్కలో 10 శాతం దాకా ఉండొచ్చు. ఆ నూనె పోచకు అంటుకుని సూక్ష్మజీవులను దగ్గరికి రానివ్వదు. పైగా అందులోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు పీచును అరిగించే బ్యాక్టీరియాకు విషం. మేత పొడి బరువులో కొవ్వు 5, 6 శాతం దాటితే పీచు అరుగుదల పడిపోతుంది.

లెక్క వేద్దాం. కిలో పొడి మేతలో అరకిలో గానుగ చెక్క ఉంటే నూనె 50 గ్రాములు. అంటే చెక్క నుంచే 5 శాతం! గడ్డిలో ఉన్న కొవ్వు దానికి అదనం. నూనె వల్ల పొట్టలో పుట్టే మీథేన్ వాయువు తగ్గుతుందంటారు, నిజమే. గడ్డి అరగనప్పుడు ఆ లాభంతో గొర్రెకు ఒరిగేదేముంది?

[దగ్గరగా: అరచేతిలో పెంటికలు.]

తేడా ఇక్కడే తెలుస్తుంది. విడివిడిగా, గుండ్రంగా ఉండాల్సిన పెంటికలు ముద్దగా అతుక్కున్నాయి. చిదిపితే అరగని పొడవాటి పోచలు. చెక్క తగ్గించండి. మళ్లీ పెంచాలంటే పది, పదిహేను రోజుల్లో కొద్దికొద్దిగా.

పత్తి గింజల చెక్క పాలు తాగే పిల్లలకు వద్దు. అందులోని గాసిపాల్ అనే విషాన్ని కట్టడి చేసే రూమెన్ వాటికింకా తయారు కాదు. శుద్ధి చేయని ఆముదం చెక్క ఏ గొర్రెకూ వద్దు, అందులో రైసిన్ అనే విషముంది. బూజు పట్టిన వేరుశనగ చెక్కను ఎండబెట్టినా, ఉడకబెట్టినా అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పోదు. పారేయండి, గొర్రెలకు అందనంత దూరంలో.