పిల్లనిస్తానన్న డ్యూక్

శ్రోతలకు నమస్కారం.

1477 జనవరి 25న నాంత్ కోటలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు ఆన్. పిల్లకి నాలుగేళ్లు నిండగానే ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డ్‌కిచ్చి చేస్తానని తండ్రి ఒప్పందం రాసుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆ యువరాజు లండన్ టవర్‌లో అయిపు లేకుండా పోయాడు. తర్వాత ఆస్ట్రియా మాక్సిమిలియన్ పేరు వచ్చింది. ఆ తర్వాత భార్య పోయి, పిల్లలున్న అలేన్ దాల్‌బ్రె అనే గాస్కనీ ప్రభువుకూ ఆశ చూపించారు. ఒక్క పిల్లని ఎంతమందికి ఇస్తాడండీ ఈయన?

ఆయన బ్రిటనీ డ్యూక్ రెండవ ఫ్రాన్సిస్. ఫ్రాన్స్‌కి పడమటి కొసన సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల బ్రిటనీ. ఫ్రాన్స్ రాజు పెద్దరికాన్ని పైపైన ఒప్పుకుంటూనే సొంత కోర్టులు, సొంత నాణేలు, సొంత పన్నులతో నడిచేది. ఫ్రాన్సిస్ అక్కడ డ్యూక్ అవుతాడని చిన్నప్పుడు ఎవరూ అనుకోలేదు. పెదనాన్న కొడుకులిద్దరూ మగపిల్లలు లేకుండా పోయారు. తర్వాత గద్దెనెక్కిన మరో పెదనాన్న మూడవ ఆర్థర్‌దీ అదే కథ. అలా 1458లో కిరీటం ఈయన తలమీదికి వచ్చింది.

దాంతోపాటు ఒక పాత కాగితం కూడా మెడకు చుట్టుకుంది. వందేళ్ల కిందట మోంఫోర్, పెంథియెవ్ర్ అనే రెండు కుటుంబాలు ఇదే గద్దె కోసం ఇరవై ఏళ్లకు పైగా కొట్టుకున్నాయి. 1365లో గెరాండ్‌లో రాజీ కుదిరింది. మోంఫోర్ వంశంలో మగవాళ్లున్నంతకాలం గద్దె వాళ్లది, మగవాళ్లు లేకపోతే పెంథియెవ్ర్ వాళ్లది. ఫ్రాన్సిస్ మోంఫోర్ వాడే. అంటే ఆయనకు కొడుకు పుట్టి తీరాలి.

మొదటి భార్య మార్గరెట్, పెదనాన్న మనవరాలు. 1463లో పుట్టిన కొడుకు నెలల పసికందుగానే పోయాడు. 1469లో ఆమే పోయింది. మధ్యలో ఆంత్వానెత్ అనే ప్రియురాలు ఉండేది. ఫ్రాన్స్ రాజు ఏడవ చార్లెస్ చనిపోయేదాకా ఆయన దగ్గర ఉండి, తర్వాత ఇక్కడికి వచ్చిన మనిషి. ఆమెకు కొడుకులు పుట్టారు గానీ, తాళి లేని సంబంధం కదా, గద్దెకు పనికిరారు. 1471లో ఫ్వా వంశపు మరో మార్గరెట్‌ని చేసుకుంటే ఇద్దరూ ఆడపిల్లలే, ఆన్, ఇసబో. ఫ్రాన్స్ రాజు పదకొండవ లూయీ ఇదంతా చూస్తూ ఊరుకునే రకం కాదు. 1480లో పెంథియెవ్ర్ వాళ్ల హక్కుల్ని డబ్బిచ్చి కొనేశాడు. పక్క పొలం వాడు మన పొలం మీది పాత దావాని కొనుక్కుంటే ఎలా ఉంటుంది? అలా ఉంది ఫ్రాన్సిస్ పరిస్థితి.

అందుకే ఆ పెళ్లి మాటలన్నీ. పెద్ద సైన్యం లేని మనిషి, ఉన్న ఒక్క ఆశని ఊళ్లవాళ్లందరికీ పంచిపెట్టి సాయం అడిగాడు. దాన్ని నేను మోసమనను, తెలివనీ అనను.

మనిషి స్వతహాగా మెత్తన. 1471లో హెన్రీ ట్యూడర్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడు, బాబాయి జాస్పర్‌తో కలిసి వేల్స్ నుంచి పారిపోయి బ్రిటనీ ఒడ్డుకు చేరితే, పదమూడేళ్లు తన దగ్గర పెట్టుకున్నాడు. 1484లో డ్యూక్ మంచాన పడ్డప్పుడు, ఖజానా చూసే పియెర్ లాందే ఆ కుర్రాడిని ఇంగ్లండు రాజు మూడవ రిచర్డ్‌కి అప్పగించడానికి బేరం పెట్టాడు. హెన్రీ పనివాడి వేషంలో సరిహద్దు దాటేశాడు. డ్యూక్ కోలుకున్నాక సంగతి తెలిసి సిగ్గుపడి, వెనక మిగిలిన హెన్రీ మనుషులకు దారిఖర్చులిచ్చి మరీ పంపాడు. మరుసటి ఏడాది హెన్రీ ఇంగ్లండుకు రాజయ్యాడు. లాందే మాత్రం అదే ఏడాది నాంత్‌లో ఉరికంబం ఎక్కాడు. బట్టలు కుట్టే దర్జీ కొడుకు అంత ఎత్తుకెదగడం బ్రిటనీ ప్రభువులకు గిట్టలేదు. డ్యూక్ ఆపలేకపోయాడు.

1486లో రెండో భార్యా పోయింది. ఆ ఏడాదే రెన్‌లో బ్రిటనీ సభను పిలిచి, నా తర్వాత నా కూతుళ్లే అని అందరిచేతా ప్రమాణం చేయించాడు. ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. 1488 జూలై 28న సెంట్ ఓబాన్ దు కోర్మియే దగ్గర బ్రిటనీ సైన్యం చిత్తయింది. డ్యూక్ పక్షాన పోరాడిన ఓర్లీన్స్ ప్రభువు లూయీ ఫ్రాన్స్‌కు బందీగా చిక్కాడు. ఈ లూయీని కాస్త గుర్తుంచుకోండి. సంధిలో పెట్టిన షరతు ఇది: ఫ్రాన్స్ రాజు అనుమతి లేకుండా డ్యూక్ కూతుళ్ల పెళ్లి జరగకూడదు. అన్నేళ్లూ ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ముక్క అది. అదీ పోయింది. సంధి జరిగిన మూడు వారాలకు, సెప్టెంబరు 9న ఫ్రాన్సిస్ కన్నుమూశాడు.

ఆన్‌కి అప్పటికి పదకొండేళ్లు. మాక్సిమిలియన్‌తో, వరుడు రాకుండానే, ప్రతినిధితో పెళ్లి తంతు జరిపించారు. ఫ్రాన్స్ సైన్యం ఆమె ఉన్న రెన్‌ని చుట్టుముట్టింది. 1491 డిసెంబరు 6న లాంజే కోటలో ఆమె చేసుకున్నది ఫ్రాన్స్ రాజు ఎనిమిదవ చార్లెస్‌ని. 1498లో ఆయన అంబ్వాజ్ కోటలో ద్వారబంధం తలకు కొట్టుకుని పోయాడు. తర్వాత రాజైన వాడు, మరుసటి జనవరిలో ఆమెను పెళ్లాడిన వాడు ఎవరనుకున్నారు? సెంట్ ఓబాన్‌లో పట్టుబడ్డ ఆ లూయీయే.

ఆన్ తండ్రికి నాంత్‌లో పాలరాతి సమాధి కట్టించింది. మిషెల్ కొలోంబ్ అనే శిల్పి 1507కల్లా పూర్తిచేశాడు. పైన డ్యూక్, రెండో భార్య పక్కపక్కన పడుకుని ఉంటారు. నాలుగు మూలలా నాలుగు సుగుణాలకు గుర్తుగా నాలుగు స్త్రీమూర్తులు. వాటిలో వివేకం అనే బొమ్మకు ముందు పడుచు ముఖం, తల వెనక ముసలాయన ముఖం. ఇప్పుడది నాంత్ కెథెడ్రల్‌లో ఉంది. 2020లో అక్కడ నిప్పంటుకున్నా దానికేమీ కాలేదు.

1514 జనవరి 9న ఆన్ చనిపోయింది. ఫ్రాన్స్ రాణి కాబట్టి దేహాన్ని సెంట్ డెనీలో ఉంచారు. గుండెను మాత్రం ఆమె కోరిక ప్రకారం బంగారు భరిణెలో పెట్టి తల్లిదండ్రుల సమాధికి చేర్చారు. ఫ్రెంచి విప్లవంలో సమాధి తెరిచారు, భరిణె బయటికొచ్చింది. 2018 ఏప్రిల్‌లో నాంత్ మ్యూజియం నుంచి దాన్ని దొంగలెత్తుకుపోతే, కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. గుండె లేని భరిణె అది, ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

సెలవు.