ముందు చుక్క వెయ్యండి

శ్రోతలకు నమస్కారం. శ్రీకాకుళం పాత ఇళ్ల వరండాల్లో ఇనుప కాళ్ల మీద వంపు తిరిగిన ప్లైవుడ్ సీటు, వీపు ఉన్న కుర్చీలు ఇంకా కనిపిస్తాయి. పలచటి చెక్క పొరలకు జిగురు రాసి, అచ్చులో పెట్టి వేడిమీద నొక్కితే వచ్చిన వంపది. 1940లలో అమెరికాలో ఈమ్స్ దంపతుల కుర్చీలతో పేరొచ్చిన పద్ధతి. ఎంత చక్కటి పనితనమో!

వార్నిష్ పొలుసులు లేచిందని మిషన్ పెట్టి గీకించకండి. పైపొర చాలావాటిలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది అరిగితే కింద అడ్డచారల చెక్క బయటపడుతుంది. ఇక దాన్ని బాగుచెయ్యలేం.

పాత పూత ఏ రకమో తెలియాలంటే ముందు చుక్క వెయ్యండి. సీటు అడుగున, కనపడనిచోట, దూదితో పాలిష్ స్పిరిట్ అద్ది ఒక్క నిమిషం ఆగండి. జిగటగా కరిగితే లక్క పాలిష్, దానికి స్పిరిట్టే చాలు. కరగకపోతే పక్కన థిన్నర్ అద్దండి. మెత్తబడితే ఎన్.సి. లాకర్, అంటే నైట్రోసెల్యులోజ్ పూత, థిన్నర్‌తోనే వస్తుంది. రెండింటికీ లొంగకపోతేనే పెయింట్ రిమూవర్.

రిమూవర్ అంటే ఆరుబయట, పొయ్యికి దూరంగా, చేతులకు గ్లవ్స్‌తో. సీటు విప్పి, మందంగా, ఒకే వైపు బ్రష్ లాగి, ఆరకుండా పాలిథీన్ కప్పండి. 20 నిమిషాలకు వార్నిష్ ముడతలు పడుతుంది. పుట్టీ బ్లేడు మూలలు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, చెక్క చార వెంట లాగండి. మూలలు వాడిగా ఉంటే ప్రతి లాగుడికీ ఓ గీత పడుతుంది. వంపు లోపలికి బ్లేడు వెళ్లదు. అక్కడ మన ఉద్దానం కొబ్బరి పీచు గుప్పెడు ఉండచుట్టి రుద్దండి. స్టీల్ ఉన్ని వద్దు, దాని తునకలు చారల్లో ఇరుక్కుని మన ఉప్పుగాలికి తుప్పు మచ్చలవుతాయి. నీళ్లు పొయ్యకండి, అంచుల్లో పొరలు విడిపోతాయి. చివర్లో థిన్నర్ గుడ్డతో తుడవండి. రిమూవర్‌లోని మైనం మిగిలితే కొత్త పాలిష్ పట్టదు.

వీపు పైఅంచున నల్లటి పట్టీ కనిపిస్తుందే, అది ఏళ్ల తరబడి ఇంకిన తలనూనె. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, గుడ్డ మడత మార్చి మళ్లీ తుడవండి. గుడ్డకు మరక అంటడం ఆగేదాకా తుడవండి.

ఒక రోజు ఆరనిచ్చి, 220 నంబరు ఉప్పు కాగితంతో, చేత్తోనే, చార వెంట తేలిగ్గా రుద్దండి. అంచుల జోలికి వెళ్లకండి, పొర ముందు అరిగేది అక్కడే. కొత్త పాలిష్ మాత్రం వానాకాలంలో వద్దు, తేమకు తెల్లగా పొగబారుతుంది. సంక్రాంతి దాటాక, పొద్దుటి మంచు పూర్తిగా విడిచాక మొదలుపెట్టండి.