కెమెరా బిగించేవాళ్లతో ఓ మాట

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది రోజూ నిచ్చెనెక్కి కెమెరాలు బిగించేవాళ్లే. కాబట్టి హ్యాకర్ అంటే ఎవరు, వైరస్ అంటే ఏమిటి అని మొదలుపెట్టను. నేరుగా 2016 అక్టోబర్ 21కి వెళ్దాం.

ఆ రోజు అమెరికాలో, ముఖ్యంగా తూర్పు తీరంలో, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ చాలామందికి తెరుచుకోలేదు. వాటి సర్వర్లు బాగానే ఉన్నాయి. మనం వెబ్‌సైట్ పేరు కొడితే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని నంబరు, వెతికిచ్చే డైన్ అనే కంపెనీ మీద దాడి జరిగింది, లెక్కలేనన్ని రిక్వెస్టులు ఒకేసారి పంపి దాన్ని పనిచేయకుండా చేశారు. దాడికి దిగినవి చాలావరకు మామూలు కంప్యూటర్లు కూడా కావు. సీసీ కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లు, ఇళ్లలో ఉండే రూటర్లు. వాటిని లొంగదీసిన మాల్‌వేర్, అంటే హాని చేసే ప్రోగ్రామ్, పేరు మిరాయ్.

అది లోపలికి ఎలా దూరిందో వింటే మీకు నవ్వొస్తుంది. కనబడిన ఐపీ అడ్రస్‌నల్లా తడుతూ పోతుంది. దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే టెల్నెట్ అనే దారి, అంటే పోర్టు నంబరు 23 గానీ 2323 గానీ, తెరిచి ఉంటే తన లిస్టులోని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వేసి చూస్తుంది. లిస్టులో ఉన్నవి అరవై చిల్లర. అడ్మిన్-అడ్మిన్, రూట్-12345 లాంటివి. మీకు తెలియనివేం కావు! లోపలికెళ్లాక టెల్నెట్ మూసేస్తుంది, అప్పటికే ఇంకో మాల్‌వేర్ తిష్ఠ వేసి ఉంటే దాన్ని చంపేస్తుంది. ఆ తర్వాత దాన్ని నడిపేవాళ్ల నుంచి దాడి చేయమని ఆర్డర్ వచ్చేదాకా కొత్త అడ్రస్‌లు వెతుక్కుంటూ ఉంటుంది. మొదటి 20 గంటల్లోనే దాదాపు 65,000 పరికరాలు దాని చేతికి చిక్కాయి. ఒక దశలో ఆ సంఖ్య 6 లక్షలకు చేరింది. అమెరికా రక్షణ శాఖ, పోస్టల్ శాఖ అడ్రస్‌ల జోలికి మాత్రం పోవద్దని కోడ్‌లోనే రాసుకున్నారు. ఆ మాత్రం భయం ఉందన్నమాట.

మిరాయ్‌ని రాసింది పారస్ ఝా, జొసయా వైట్, డాల్టన్ నార్మన్ అనే ముగ్గురు కుర్రాళ్లు. గొడవ మొదలైంది మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో. ఝా, వైట్‌లకు ఇలాంటి దాడుల నుంచి కాపాడతామని చెప్పే కంపెనీ కూడా ఉండేది. కంచే చేను మేయడం అంటే ఇదే. డైన్ దాడికి ముందే, 2016 సెప్టెంబర్ చివర్లో, కోడ్ మొత్తం బయట పెట్టేశారు, దాంతో ఎవడికి వాడు సొంత మిరాయ్ తయారుచేసుకున్నాడు. డైన్ మీద దాడి ఈ ముగ్గురి పని కాదు. 2018లో వీళ్లకు జైలు పడలేదు, ఎఫ్‌బీఐకి సాయం చేసినందుకు ఐదేళ్ల ప్రొబేషన్ (జైలు బదులు బయటే అధికారుల నిఘాలో ఉండటం), 2,500 గంటల సమాజసేవతో సరిపెట్టారు.

వాళ్ల సంగతి వదిలేద్దాం. నన్ను తొలిచేది వేరే విషయం. కెమెరా మిరాయ్ చేతికి చిక్కినా బొమ్మ వస్తూనే ఉంటుంది, రికార్డింగ్ ఆగదు. ఓనరుకు నష్టం లేదు, అందుకే మీకు ఫోన్ చేయడు. అమ్మినవాడికీ టెన్షన్ లేదు. నష్టపోయేది ఎక్కడో సంబంధం లేనివాడు. మరి సరిచేసేదెవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రత చట్టం వచ్చాక చాలా షాపులవాళ్లు పోలీసులు అడుగుతారని కెమెరాలు పెట్టించుకున్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లిన చివరి మనిషి చాలాచోట్ల బిగించినవాడే, అంటే మీరే.

కస్టమర్ "ఫోన్‌లో కనబడాలి, తొందరగా కానివ్వు తమ్ముడూ" అంటాడు. రూటర్‌లో డీఎంజెడ్ (ఒక పరికరాన్ని నేరుగా బయటి నెట్‌కు వదిలేసే సెట్టింగ్) పెట్టేస్తే రెండు నిమిషాల్లో పనైపోతుంది, డీవీఆర్ పోర్టులన్నీ ప్రపంచానికి తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ మార్చాం కదా అంటారేమో. అప్పట్లో షియోంగ్‌మాయ్ అనే చైనా కంపెనీ బోర్డులున్న కొన్ని డీవీఆర్‌లలో వెబ్ పేజీలో పాస్‌వర్డ్ మార్చినా టెల్నెట్ పాస్‌వర్డ్ మారేది కాదు, అది ఫర్మ్‌వేర్‌లోనే, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే, పాతేసి ఉండేది. ఆ కంపెనీ అమెరికాలో కొన్ని కెమెరాలను వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. కాబట్టి పోర్టు బయటికి తెరవకపోవడమే ముందు జాగ్రత్త.

మిరాయ్ మెమరీలో మాత్రమే ఉండేది, కరెంటు తీసి పెడితే పోయేది. కానీ పాత పాస్‌వర్డ్‌తోనే నెట్ ఇస్తే నిమిషాల్లో మళ్లీ పట్టుకునేది. అందుకే వరుస ముఖ్యం. ముందు నెట్ కేబుల్ తీయండి, రీబూట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి, పోర్టులను తనంతట తానే తెరిచే యూపీఎన్‌పీ సెట్టింగ్ ఆపండి, ఆ తర్వాతే కేబుల్ పెట్టండి. ఊళ్లో అన్ని షాపులకూ మీ ఫోన్ నంబరే పాస్‌వర్డ్‌గా పెట్టే అలవాటు మాత్రం మానేయండి.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో నెట్‌కు కలిసే సీసీ కెమెరాలు సెక్యూరిటీ పరీక్ష పాసయితేనే అమ్మాలన్న నిబంధన వచ్చింది. మంచిదే, కానీ ఇప్పటికే గోడలకు ఉన్నవాటికి అది వర్తించదు. సరే, డీవీఆర్ తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఒక్కొక్కటే తెరిచి చూద్దాం.